రొదనణచు హెడ్‌ఫోనులు: క్రొత్తవా, పాతవా?

చెవులపై ధరించి, బయటి రొదను అణచుకొని, కావలసిన మాటను గాని సంగీతమును గాని వినుటకు వీలు కల్పించు హెడ్‌ఫోనులు నేడు విమాన ప్రయాణికులకు మాత్రమే పరిమితమై యుండలేదు. పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థుల గదులలోను, దూరప్రయాణపు బస్సులలోను అవి కనిపించుచున్నవి. రెండు మూడేండ్ల కొకసారి క్రొత్త నమూనా వెలువడుచున్నది. వెలువడిన ప్రతిసారి, నిన్నటి నమూనా నేటికి పనికిరానిదన్నట్లు ప్రకటనలు సాగుచున్నవి. పాతది చేతనున్నవాడు దానిని మార్చవలెనా? క్రొత్తగా కొనదలచినవాడు ధర తగ్గిన పాత నమూనాతో తృప్తిపడవచ్చునా? ఇది సాధారణ కుటుంబపు నెలసరి ఖర్చునకు సంబంధించిన ప్రశ్న. అంతకు మించి చెవుల ఆరోగ్యమునకు సంబంధించిన ప్రశ్న. దీనికి సమాధానము ప్రకటనలలో దొరకదు. ఉన్నత పాఠశాలలో నేర్పు ధ్వనిశాస్త్రములోనే చాలవరకు దొరకును.

ధ్వనిని ధ్వనితోనే అణచవచ్చునను ఊహ క్రొత్తది కాదు. జర్మనీ దేశస్థుడగు పాల్ ల్యూగ్ 1933లోనే దీనికై పేటెంటు కోరెను; 1936లో అమెరికాలో ఆయనకు పేటెంటు లభించెను. 1953లో హ్యారీ ఓల్సన్, ఎవరెట్ మే అను వారు మైక్రోఫోను, వర్ధకము, స్పీకరు కలిపి, మనిషి తల చుట్టునుండు కొద్దిపాటి చోటులో రొదను తగ్గించు ఏర్పాటును వివరించిరి. భారతీయ సంతతివాడగు అమెరికా ఆచార్యుడు అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుండి బోస్టనుకు విమానములో పోవుచు, ఇంజను రొదలో సంగీతము సరిగా వినబడక, ఈ సమస్యపై లెక్కలు ప్రారంభించెను. 1986లో ఎక్కడను ఆగకుండ భూమిని చుట్టివచ్చిన వాయేజర్ విమానపు చోదకులు ఆయన సంస్థ తయారుచేసిన నమూనా హెడ్‌ఫోనులను వాడిరి. 1989లో అవి విమానచోదకులకును, 2000లో సామాన్య ప్రజలకును అమ్మకమునకు వచ్చినవి. ఊహ పుట్టిన తరువాత వస్తువు చేతికి వచ్చుటకు సుమారు ఏడు దశాబ్దములు పట్టినది. ఈ ఆలస్యమునకు గల కారణమే క్రొత్త పాతల తారతమ్యమును కూడ తెలుపగలదు.

ధ్వని గాలిలో సంపీడనముల, విరళీకరణముల రూపమున ప్రయాణము చేయును. ఒక తరంగపు సంపీడనము మరియొక తరంగపు విరళీకరణముతో ఒకేచోట, ఒకే క్షణమున, సరిసమానమైన పరిమాణముతో కలిసినచో పీడనములో మార్పు కలుగదు. చెవికి ధ్వని వినబడదు. దీనినే వినాశక వ్యతికరణ మందురు. హెడ్‌ఫోను డిప్పకు వెలుపల నున్న మైక్రోఫోను వచ్చుచున్న రొదను ముందుగా పసిగట్టును. లోపలి మైక్రోఫోను చెవి దగ్గర ఇంకను మిగిలిన రొదను కనిపెట్టును. ఈ రెండింటి సమాచారమును బట్టి ఒక చిన్న విద్యుత్ సాధనము రొదకు వ్యతిరేకమైన తరంగమును లెక్కకట్టి స్పీకరు పొరను కదలించును.

ఇందు రెండు షరతులున్నవి. ఎదురు తరంగము సకాలమున రావలెను. సరియైన పరిమాణముతో రావలెను. మొదటి షరతును ఒక లెక్కతో పరిశీలింపవచ్చును. సాధనము సెకనులో పదివేలవ వంతు ఆలస్యము చేసిన దనుకొందము. ఆ కాలములో ధ్వని గాలిలో సుమారు 3.4 సెంటీమీటర్లు మాత్రమే పోవును. రొద 100 హెర్ట్జులదైనచో దాని తరంగదైర్ఘ్యము 3.4 మీటర్లు. ఆ పొడవులో 3.4 సెంటీమీటర్లు నూరవవంతు. అనగా కోణములో 3.6 డిగ్రీలు. సమాన పరిమాణము గల రెండు తరంగముల నడుమ ఈ తేడా యున్నచో మిగులు రొద, ఆ కోణములో సగమునకు గల సైన్ విలువకు రెట్టింపు. లెక్కించినచో మిగులునది మొదటి పీడనములో పదునారవ వంతు. అనగా 24 డెసిబెళ్ళ తగ్గుదల. ఇది ఘనమైన ఫలితమే.

అదే ఆలస్యముతో 500 హెర్ట్జుల వద్ద తేడా 18 డిగ్రీలగును; తగ్గుదల 10 డెసిబెళ్ళకు పడిపోవును. 1000 హెర్ట్జుల వద్ద 36 డిగ్రీలు. తగ్గుదల 4 డెసిబెళ్ళు మాత్రమే. సుమారు 1670 హెర్ట్జుల వద్ద తేడా 60 డిగ్రీలై, రొద ఏమాత్రమును తగ్గదు. 2000 హెర్ట్జుల వద్ద రొద తగ్గుటకు మారుగా 18 శాతము పెరుగును! కావున ఏ తయారీదారుడైనను ఎదురు తరంగమును తక్కువ పౌనఃపున్యములకే పరిమితము చేసి, హెచ్చు పౌనఃపున్యములను ఆపు పనిని డిప్పకును చెవి మెత్తలకును వదలిపెట్టును. బస్సు ఇంజను, విమానము, పంకా, ఏ.సీ. యంత్రముల గుంయిమను రొద బాగుగా అణగుటకును, ప్రెషరు కుక్కరు ఈల, పసిబిడ్డ ఏడ్పు, ప్రక్కగదిలోని మాటలు చొచ్చుకొని వచ్చుటకును కారణ మిదియే.

ఇపుడు క్రొత్త నమూనాలు సాధించిన దేమో చూడవచ్చును. ఉదాహరణకు సోనీ సంస్థ 2020లో విడుదల చేసిన డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎమ్4 అను నమూనాలో రొదను అణచుటకు నాలుగు మైక్రోఫోనులున్నవి. 2022లో వచ్చిన ఎక్స్‌ఎమ్5 నమూనాలో అవి ఎనిమిదైనవి. లెక్కలు చేయు సాధనములు ఒకటికి రెండైనవి. 2025లో వచ్చిన ఎక్స్‌ఎమ్6లో మైక్రోఫోనులు పండ్రెండు. అంకెలు చూచినవారికి అణచు శక్తియు రెండింతలు, మూడింతలు అయినదని తోచును. అట్లు తలచుట పొరపాటు. మైక్రోఫోనులు పెరిగినచో రొద ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మెరుగుగా తెలియును; సాధనము వేగవంతమైనచో ఆలస్యము తగ్గును. ఆలస్యము సగమైన దనుకొన్నచో, పై లెక్క ప్రకారము 1000 హెర్ట్జుల వద్ద తగ్గుదల 4 నుండి 10 డెసిబెళ్ళకు పెరుగును. అనగా మనుష్యుల మాటల వంటి నడిమి పౌనఃపున్యములలో మేలు స్పష్టముగా కనిపించును. ఎక్స్‌ఎమ్5ను గూర్చి తయారీదారులు ముఖ్యముగా చెప్పుకొన్నదియు ఈ నడిమి, హెచ్చు పౌనఃపున్యములను గూర్చియే. అంతవరకు ఆ మాట భౌతికశాస్త్రమునకు అనుగుణముగనే యున్నది.

కాని తక్కువ పౌనఃపున్యముల సంగతి వేరు. అచ్చట రెండవ షరతు, అనగా పరిమాణము సరిపోవుట, అడ్డుపడును. ఎదురు తరంగపు పరిమాణము రొదకంటె పదింట ఒక వంతు తక్కువైన దనుకొందము. అపుడు 100 హెర్ట్జుల వద్ద పాత ఆలస్యముతో తగ్గుదల సుమారు 19 డెసిబెళ్ళు. ఆలస్యమును సగము చేసినను అది 20 డెసిబెళ్ళకు మించదు. లాభము ఒక్క డెసిబెల్! చెవి దానిని గుర్తించుటయే కష్టము. ఇవి ఏ ఒక్క నమూనాను కొలిచి తెచ్చిన అంకెలు కావు. సూత్రమును విశదపరచుటకు వేసిన లెక్కలు. అయినను ఒక సత్యమును చూపుచున్నవి: బస్సులో, విమానములో పాత నమూనాకు క్రొత్త నమూనాకు గల అంతరము ప్రకటనలు చెప్పునంత కాదు, మాటలు వినవచ్చు గదిలో అంతరము అంతకంటె హెచ్చు.

పరిమాణము ఎందుచేత తప్పును? చాలవరకు చెవి మెత్తలచేత. మెత్త తలకు చక్కగా అతుకుకొన్నపుడు డిప్పలోని గాలి మూసిన గదివంటి దగును. స్పీకరు పొర దాని పీడనమును తన అదుపులో నుంచుకొనగలదు. మెత్త అణగిపోయినను, పై తొడుగు చిట్లినను, కళ్ళజోడు కాడ ప్రక్కన సందు ఏర్పడినను గాలి బయటికి పారును. దీనివలన నష్టపడునవి తక్కువ పౌనఃపున్యములే. పరిమాణములో తేడా పదింట మూడు వంతులైనచో తగ్గుదల సుమారు 10 డెసిబెళ్ళకు దిగజారును. తక్కువ పౌనఃపున్యములలో క్రొత్త నమూనా తెచ్చిపెట్టు ఒక డెసిబెల్ కంటె, అరిగిన మెత్త పోగొట్టు తొమ్మిది డెసిబెళ్ళు ఎంతయో హెచ్చు. నాలుగేండ్లు వాడిన హెడ్‌ఫోనుతో క్రొత్తదానిని పోల్చి, "క్రొత్తది ఎంత గొప్పది!" అని ఆశ్చర్యపడువారు, తరచుగా రెండు నమూనాలను పోల్చుటలేదు, క్రొత్త మెత్తను పాత మెత్తతో పోల్చుచున్నారు. పోలికలో ఇది మొదటి దోషము.

రెండవ దోషము "గరిష్ఠముగా ఇన్ని డెసిబెళ్ళు" అని చెప్పు ప్రకటనలలో నున్నది. ఏ పౌనఃపున్యము వద్ద అని చెప్పని డెసిబెల్ అంకె, ఏ ఊరిలో అని చెప్పని ఉష్ణోగ్రత వంటిది. మూడవ దోషము దుకాణములో పరీక్షించి నిర్ణయించుట. దుకాణములో వినబడునది ఎక్కువగా మాటల సందడి. కొనువానికి కావలసినది బస్సు రొదనుండి విముక్తి కావచ్చును.

క్రొత్తదనమంతయు రొదకు సంబంధించినదే కాదు. అంతయు ముందడుగును కాదు. ఎక్స్‌ఎమ్4, ఎక్స్‌ఎమ్5 రెండును రొదను అణచుచు 30 గంటలు పనిచేయునని తయారీదారులే చెప్పిరి. ఈ విషయమున రెండేండ్లలో మార్పు లేదు. ఎక్స్‌ఎమ్4 మడచి చిన్న పెట్టెలో నిముడ్చుకొనదగినది. ఎక్స్‌ఎమ్5లో ఆ సౌకర్యము తీసివేయబడినది. ఎక్స్‌ఎమ్6లో మరల వచ్చినది. తీసివేసినదానిని తిరిగి ఇచ్చుటయు నూతన గుణముగా లెక్కింపబడుచున్నది! బోస్ సంస్థ 2014లో తెచ్చిన క్యూసీ25 తీగతో పనిచేయునది. అంగడిలో దొరకు చిన్న బ్యాటరీ ఒకటి వేసినచో 35 గంటలు నడచును. 2016లో వచ్చిన క్యూసీ35లో తీగ అక్కరలేదు. కాని బ్యాటరీ లోపలనే యున్నది, 20 గంటలు పనిచేయును. తీగ లేని సుఖము నిజమైనదే. దానికి మూల్యముగా, లోపలి లిథియం బ్యాటరీ ఏటేట క్షీణించుచు, మిగిలిన భాగములు చక్కగా నున్నను వస్తువు ఆయుర్దాయమును తగ్గించుచున్నది. పాత నమూనా కొనువారు మెత్తలతో పాటు బ్యాటరీని గూర్చియు విచారించుట అవసరము.

వీటన్నింటికంటె ముఖ్యమైనది చెవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు వారమునకు 40 గంటలపాటు 80 డెసిబెళ్ళు మించని ధ్వనిని పరిమితిగా సూచించినది. ప్రతి 3 డెసిబెళ్ళకు వినదగిన కాలము సగమగును: 83 అయినచో 20 గంటలు, 86 అయినచో 10 గంటలు. రొద నడుమ పాఠము వినువాడు ఆ రొదను మించునట్లు ధ్వని పెంచును. రొద తగ్గినచో ధ్వనిని తగ్గించియే వినవచ్చును. ఈ హెడ్‌ఫోనుల నిజమైన ప్రయోజన మిదియే. పాత నమూనాయైనను దీనిని చాలవరకు నెరవేర్చును. రొద అణగిన తరువాతను ధ్వనిని పూర్వమువలె పెంచుకొనువానికి పన్నెండు మైక్రోఫోనులున్నను మేలు లేదు. అంతేకాక ఇవి కర్మాగారములలో వాడు చెవి రక్షణ సాధనములు కావు. బాణసంచా ప్రేలుడు వంటి ఆకస్మిక ధ్వనులకు నమ్మదగినవి కావు. రోడ్డుపై నడచునపుడు, పట్టాలు దాటునపుడు ధరించుట ప్రాణాపాయము.

నిర్ణయ మెట్లు చేయవలెను? ముఖ్యముగా ప్రయాణములకు వాడువారు, పాత నమూనా బాగుగా నున్నచో దానిని మార్చనక్కరలేదు. మెత్తలు మార్చినచో చాలును. క్రొత్తగా కొనువారికి, ధర గణనీయముగ తగ్గియున్నచో ముందటి తరపు నమూనాయే తెలివైన ఎన్నిక. మాటల సందడిలో చదువుకొనవలసినవారికి మాత్రము క్రొత్త నమూనా ఇచ్చు మేలు ధరకు తగినది కావచ్చును. వారును తాము వాడు చోటనే పరీక్షించి, తరువాత తీర్పు చెప్పవలెను.

దీనికొక సులభమైన పరీక్ష యున్నది. తిరుగుచున్న పంకా క్రింద కూర్చుండి, సంగీతమేదియు లేకుండ హెడ్‌ఫోనును ధరించి, రొదనణచు మీటను ఒకసారి వేసి, ఒకసారి తీసి వినవలెను. తరువాత మీట వేసియుంచి, రెండు డిప్పలను అరచేతులతో మెల్లగా తలకు అదుమవలెను. అదిమినపుడు గుంయిమను రొద బాగుగా తగ్గినచో లోపము నమూనాలో లేదు, మెత్తలలో నున్నది. ఉపాధ్యాయులు ఈ పరీక్షను, పైన చెప్పిన సైన్ లెక్కను తరగతిలో ఒకేనాడు చేయించినచో, వ్యతికరణమను పాఠము బోధపడుటయే గాక, ప్రకటనలోని అంకెను చూచి "ఏ పౌనఃపున్యము వద్ద?" అని అడుగు అలవాటు విద్యార్థులకు కలుగును. ఆ ప్రశ్న హెడ్‌ఫోనులకే గాక ఇంటికి వచ్చు ప్రతి యంత్రము విషయమునను వారికి తోడ్పడును.