లీటరు నీళ్ల రైలింజన్

ఓపికుంటే పొగబండిని 16వ వంతుకు కుదించి చేయవచ్చు. చక్రాలు, కడ్డీలు, సిలిండర్లు అన్నీ లేత్ మీద చెప్పినట్టు వింటాయి. నిప్పు, నీరు, ఆవిరి మాత్రం వినవు. ఇంగ్లండులో ఇళ్ల వెనక షెడ్లలో వందేళ్లకు పైగా సాగుతున్న ఈ అభిరుచిలో అసలు పనితనమంతా ఆ మూడింటినీ దారికి తెచ్చుకోవడంలో ఉంది.

మూడున్నర అంగుళాల ఎడమున్న పట్టాల మీద నడిచే ఇంజన్ పొడవు, అసలు ఇంజన్‌లో సుమారు 16వ వంతు. అయితే లోపల పట్టే నీరు 16 వంతుల్లో ఒకటి కాదు, 4,096 వంతుల్లో ఒకటి. నాలుగు వేల లీటర్ల బాయిలర్ ఇక్కడ ఒక్క లీటరు చెంబు! పరుగు మీదున్నప్పుడు ఆ కాసిని నీళ్లు నిమిషాల్లో తరిగిపోతాయి. మట్టం ఫైర్‌బాక్స్ కప్పు కిందికి దిగిందంటే, నిప్పు మీదున్న రాగి రేకు నీటి చలవ లేక మెత్తబడుతుంది. అందుకే ఇంజన్‌కు చేసే ఉపకరణాల్లో సగం నీటి కోసమే.

ముందుగా బాయిలర్‌లో నీటి మట్టాన్ని చూపే గాజు గొట్టం, అంటే గేజి గ్లాసు. దీన్ని కూడా అచ్చంగా 16వ వంతుకు చేస్తే గొట్టం మరీ సన్నమై, నీరు గాజుకు అంటుకుని లేని మట్టాన్ని చూపిస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు అందం కాస్త తగ్గినా లావుపాటి గొట్టమే పెడతారు. నమూనా అచ్చు దిగలేదని ఎవరైనా వంక పెడితే పెట్టనివ్వండి, ఇక్కడ గొట్టం నిజం చెప్పడమే ముఖ్యం.

ఇక బాయిలర్‌లోకి నీరెక్కించే ఇంజెక్టర్. 1858లో ఫ్రెంచివాడు ఆన్రీ జిఫార్ కనిపెట్టిన ఈ సాధనంలో కదిలే పంపు ఏదీ ఉండదు. ఆవిరి సన్నని రంధ్రంలోంచి దూసుకొచ్చి చన్నీటిలో కలిసి, తన వేగాన్ని నీటికిచ్చి తానూ నీరైపోతుంది. ఆ ధార క్రమంగా వెడల్పయ్యే దారిలో పడగానే వేగం ఒత్తిడిగా మారి, తనకు ఆవిరినిచ్చిన బాయిలర్‌లోకే నీటిని తోస్తుంది. చిన్న ఇంజన్‌లో ఆ రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని కోసుగా తొలిచే రీమరును చాలామంది బజార్లో కొనరు. సన్నని ఉక్కు కడ్డీని లేత్ మీద కోసుగా తిప్పి, సగానికి అరగదీసి, ఎర్రగా కాల్చి చల్లార్చి, ఎవరిది వాళ్లే చేసుకుంటారు. నా దృష్టిలో ఈ విద్యలో ఇంతకు మించిన పరీక్ష లేదు. నీరు గోరువెచ్చనైనా, గొట్టంలో ఎక్కడైనా గాలి చొరబడినా, రంధ్రంలో సున్నపు పొర పట్టినా ఇంజెక్టర్ మొరాయిస్తుంది. ఆ పొరకు మందు మన వంటింటి నిమ్మ ఉప్పే. ఆ నీళ్లలో నానబెడితే చాలు.

ఇంత చిన్న ఇంజన్ బొగ్గు మీద నడిచి మనుషుల్ని లాగగలదా అని 1920ల్లో ఇంగ్లండులో పెద్ద వాదమే నడిచింది. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో రాసిన కర్లీ లారెన్స్ తన ‘అయేషా’తో దానికి జవాబిచ్చాడు. రెండున్నర అంగుళాల పట్టాల మీద, బొగ్గు మంటతో, పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని లాగిన ఇంజనది. 1898లో మొదలైన ‘మోడల్ ఇంజనీర్’ పత్రికలో ఆయన ఏళ్ల తరబడి, కొద్దిపాటి పనిముట్లున్న మామూలు మనిషికి కూడా అర్థమయ్యేలా ఒక్కో భాగం చేసే తీరు రాశాడు. కొత్తవాళ్ల కోసం ఆయన రూపొందించిన ‘టిచ్’ అనే ఇంజన్‌ను ఇప్పటికీ చేస్తున్నారు. విద్యను దాచుకోకుండా పంచిన ఆ మనిషి వల్లే ఈ సంప్రదాయం నిలిచిందని నా నమ్మకం.

రాగి రేకుల్ని వెండి టంకంతో అతికిన బాయిలర్ కొత్తదైతే, నడిపే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడిలో నీటితో పరీక్షిస్తారు. చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడి మీద నడిచేదానికి 160. గాలితోనో ఆవిరితోనో ఎందుకు చేయరంటే, నీరు ఒత్తిడికి దాదాపుగా కుదించుకుపోదు. అతుకు విడితే నీరు చిమ్ముతుంది గానీ బాయిలర్ పేలదు.

పరుగు ముగిశాక చేసే సేవ మీదే ఇంజన్ ఆయుష్షు ఆధారపడుతుంది. ఆవిరి కాస్త మిగిలి ఉండగానే అడుగు వాల్వు తెరిచి, మడ్డితో సహా నీరంతా వదిలేయాలి. పొగ గొట్టాల్లో కుంచె దూర్చి మసి దులపాలి. మసికి తేమ తోడైతే ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. అలసిపోయి ఇంటికొచ్చి, రేపు చూద్దాంలే అని వదిలేసిన ఇంజనే ముందుగా పాడవుతుంది.

మన ఐటీఐల్లో లేత్ పని నేర్చిన పిల్లలకు ఈ విద్య అందనిదేమీ కాదు. మొదలుపెట్టేవాళ్లు బాయిలర్ జోలికి వెళ్లకుండా, ముందు ఒక ఇత్తడి చేతి పంపు చేయండి. చుక్క కారకుండా అది నీటిని తోసిన రోజున రెండో పనికి దిగండి.