ముప్పై ఒకటవ వచనం దగ్గర ఆగిపోతున్న ధైర్యం
అపొస్తలుల కార్యములు 4:23–35పై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

సాక్ష్యజీవితాన్ని గూర్చి మన సంఘాలలో వినబడే ప్రసంగాలలో అపొ. కార్య. 4:23–31కి ప్రత్యేక స్థానముంది. పేతురు యోహానులు మహాసభ ఎదుట నిలిచి, బెదిరింపులు పొంది, తమవారి యొద్దకు వచ్చారు. సంఘం ఏకమనస్సుతో ప్రార్థించింది. వారు కూడియున్న చోటు కంపించింది. అందరూ పరిశుద్ధాత్మతో నిండి దేవుని వాక్యాన్ని ధైర్యంగా బోధించారు. ఇక్కడికి రాగానే ప్రసంగీకుడు స్వరం పెంచి, "మనకెందుకు ఆ ధైర్యం లేదు?" అని అడుగుతాడు. ప్రసంగం ముగుస్తుంది. 32–35 వచనాలు మాత్రం మరో ఆదివారానికి, చాలాసార్లు కోతపండుగ కానుకలకు, మిగిలిపోతాయి.

ఈ వ్యాసకర్త కూడా అలాగే ప్రసంగించినవాడే. కొన్నేళ్ల క్రితం ఒక గ్రామసంఘంలో ఈ వాక్యభాగంపై మాట్లాడి, విశ్వాసాన్ని దాచుకొనేవారిని గట్టిగా గద్దించాను. ఆరాధన తరువాత ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా మనవడికి కాలేజీ సీటు ఎస్సీ సర్టిఫికేట్ మీద వచ్చింది. రేపు వాడు నలుగురిలో నేను క్రైస్తవుణ్ణని చెబితే, ఆ ఫీజు సంఘం కడుతుందా?" అని నిదానంగా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నన్ను మళ్లీ వాక్యభాగం దగ్గరకే పంపింది. లూకా 31వ వచనంతో ఆగలేదని, ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు తరువాతి నాలుగు వచనాలలోనే ఉందని అప్పుడు గమనించాను.

'ధైర్యం' అనే మాట

మన తెలుగు బైబిలులో 'ధైర్యం' అని ఉన్నచోట గ్రీకు మూలంలోని మాట 'పర్రేసియ'. 'అంతా' అనే అర్థమిచ్చే మాటను, 'పలుకుట' అనే అర్థమిచ్చే మాటను కలిపితే ఏర్పడిన పదమిది. దాపరికం లేకుండా చెప్పడం దాని మూలార్థం. తెలుగులో ధైర్యం అనగానే మనకు గుండె నిబ్బరం స్ఫురిస్తుంది; అది ఒక వ్యక్తి స్వభావానికి సంబంధించిన గుణం. పర్రేసియ ముందుగా నోటికి సంబంధించినది. గ్రీకు పట్టణాలలో అది సభలో నిలబడి మాట్లాడగల స్వతంత్ర పౌరుని హక్కు. బానిసకు ఆ హక్కు లేదు.

అపొస్తలుల కార్యములలో ఈ నామవాచకం ఐదుసార్లు (2:29, 4:13, 29, 31, 28:31), దానినుండి పుట్టిన క్రియ ఏడుసార్లు కనబడతాయి. 4వ అధ్యాయంలోనే మూడుసార్లు రావడం గమనార్హం. 4:13లో మహాసభ సభ్యులు ఆశ్చర్యపడినది పేతురు యోహానుల గుండెబలాన్ని చూచి మాత్రమే కాదు. విద్యలేనివారు, సామాన్యులు, సభలో మాట్లాడే అర్హత లేనివారు సూటిగా మాట్లాడడం చూచి.

ప్రార్థనలోని సంబోధన ఈ అర్థాన్ని మరింత పదును చేస్తుంది. 4:24లో సంఘం దేవుణ్ణి 'దెస్పొతా' అని పిలుస్తుంది. ఇది బానిసలు తమ యజమానిని పిలిచే మాట. 4:29లో తమను తాము 'దాసులు' అని చెప్పుకొంటారు. అంటే బానిసలమని ఒప్పుకొన్నవారు స్వతంత్రులకు మాత్రమే చెల్లే మాటను వరంగా అడుగుతున్నారు. మాట్లాడే హక్కు లేకుండా తరతరాలు ఊరి చివర బ్రతికినవారి సంతతి అధికంగా ఉన్న తెలుగు సంఘానికి ఈ ప్రార్థన పరాయిది కాదు.

ఈ ప్రార్థన అడగనిదేమిటో కూడా చూడాలి. ఆపద తొలగాలని వారు అడగలేదు. శత్రువులు నశించాలని అడగలేదు. బెదిరింపులను దేవుని దృష్టికి తెచ్చి, వాటిని ఆయనకే విడిచిపెట్టి, మాట్లాడే శక్తినీ స్వస్థతనూ అడిగారు. కాబట్టి ఎదుటివారి విశ్వాసాన్ని తూలనాడడం, మైకు పెట్టి ఊరిని రెచ్చగొట్టడం ఈ వాక్యభాగం చెప్పే ధైర్యం క్రిందికి రావు.

32–35: తెగిపోయిన సగం

వ్యాఖ్యాతలలో చాలామంది 32వ వచనం దగ్గర కొత్త విభాగాన్ని ప్రారంభిస్తారు. మార్టిన్ డిబేలియస్ వంటి రూపవిమర్శకులు ఇటువంటి సంగ్రహ భాగాలు లూకా తానే కూర్చి వ్రాసినవని చూపారు. ఆ అభిప్రాయంతో విభేదించనవసరం లేదు. అయితే సంగ్రహాన్ని కూర్చినవాడు లూకాయే అయితే, దానిని ఇక్కడే ఎందుకు ఉంచాడన్న ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది.

నిర్మాణాన్ని చూడండి. 32వ వచనంలో ఎవడును తన ఆస్తి తనదని అనుకోలేదని ఉంది. 34–35లో పొలాలు, ఇండ్లు అమ్మి అవసరతను బట్టి పంచిపెట్టారని ఉంది. ఈ రెండింటి నడుమ 33వ వచనంలో అపొస్తలులు బహు బలముగా పునరుత్థానాన్ని గూర్చి సాక్ష్యమిచ్చారని, అందరియందు దైవకృప అధికంగా ఉండెనని ఉంది. సాక్ష్యాన్ని లూకా పంపకానికి మధ్యలో పొదిగాడు. పైగా 34వ వచనం 'ఏలయనగా' అనే అర్థమిచ్చే 'గార్' అనే అవ్యయంతో ముందు వచనానికి ముడిపడి ఉంది. అందరిమీద కృప ఉన్నదనడానికి గుర్తు, వారిలో కొదువగలవాడెవడును లేకపోవడమే.

అక్కడ వాడిన 'ఎందేయేస్' అనే మాట క్రొత్త నిబంధనలో మరెక్కడా లేదు. ద్వితీ. 15:4 గ్రీకు అనువాదంలో, విడుదల సంవత్సరాన్ని గూర్చిన ఆజ్ఞ మధ్య, అది ఉంది. అప్పులు మాఫీ అయ్యే సమాజాన్ని గూర్చి మోషే చెప్పినది యెరూషలేము సంఘంలో నెరవేరుతున్నదని లూకా సూచిస్తున్నాడు.

తరువాతి కథనం కూడా ఈ బంధాన్ని నిలుపుతుంది. భూమి అమ్మి సొమ్ము తెచ్చిన బర్నబాయే (4:36–37), తరువాత అందరూ అనుమానించిన సౌలును చేరదీసి, దమస్కులో అతడు ధైర్యంగా మాట్లాడిన సంగతి వివరించాడు (9:27). ఆ వచనంలో ఉన్నది పర్రేసియ క్రియారూపమే. సౌలు ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు సహోదరులు అతణ్ణి కైసరయకు తోడుకొనివచ్చి తార్సుకు పంపివేశారు (9:30). అంతకుముందు గంపలో ఉంచి గోడమీదుగా దింపినవారూ శిష్యులే (9:25). ప్రాణం కాపాడుకోవడాన్ని లూకా పిరికితనంగా చిత్రించలేదు. స్తెఫను సైతం మొదట నియమింపబడినది విధవరాండ్ర భోజనపు బల్లల సేవకే (6:1–6); ఆ బల్లనుండే సాక్షిగా నిలిచాడు.

మన సందర్భం

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడవ పేరా ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. మన తెలుగు రాష్ట్రాలలో షెడ్యూల్డ్ కులాలనుండి క్రైస్తవులైనవారు బీసీ–సి వర్గంలోకి వస్తారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషను ఉండగా బీసీ–సికి ఉన్నది 1 శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవ మతాన్ని అవలంబించినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఫిర్యాదుదారుడు ఒక పాస్టరే.

కాబట్టి మన దగ్గర "నేను క్రైస్తవుణ్ణి" అన్న ఒక్క మాట ఖరీదు ఒక సీటు, ఒక ఉద్యోగం, ఒక చట్టరక్షణ కావచ్చు. ఆ ఖరీదు అందరూ సమానంగా చెల్లించరు. కులం వల్ల ఏ నష్టమూ లేని ప్రసంగీకుడు, నెలజీతమున్న సంఘకాపరి, భూమిలేని కూలీ కుటుంబం ఒకే మాట పలికినా వేర్వేరు మూల్యం చెల్లిస్తారు. ఈ తేడాను పట్టించుకోకుండా చేసే గద్దింపు, 31వ వచనాన్ని 34వ వచనం నుండి కత్తిరించిన బోధ. అబద్ధపు కాగితాన్ని సమర్థించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అననీయ సప్పీరాల కథ ఈ అధ్యాయాన్ని అంటుకొనే ఉంది. అయితే వారు ఆడిన అబద్ధం ఆస్తి దాచుకొనేందుకు ఆడినది. ఆస్తి దాచుకొన్న సంఘం, సీటు దాచుకొన్న పేదవానికి తీర్పు తీర్చగలదా?

రెండు అభ్యంతరాలు

ధైర్యం ఆత్మ అనుగ్రహించేది కదా, దానిని డబ్బుతో ముడిపెట్టవచ్చునా అని అడగవచ్చు. నిజమే, ఆత్మయే అనుగ్రహిస్తాడు. ఆ ఆత్మతో నిండిన మనుష్యుల నోళ్లతోపాటు చేతులు కూడా తెరచుకొన్నాయని లూకా వెనువెంటనే చెబుతున్నాడు. రెంటినీ ఒకే ఆత్మకార్యంగా చదవడం వాక్యానికి విధేయత. పోషణ ఉన్నా శ్రమ తప్పదన్నది కూడా మరువరాదు. తరువాతి అధ్యాయంలోనే అపొస్తలులు దెబ్బలు తిని సంతోషిస్తూ వెళ్లారు (5:40–41).

సహాయం ప్రలోభంగా మారదా అన్నది రెండవ అభ్యంతరం. ఇందుకు మన చరిత్రలోనే ఒక మాదిరి ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలాదిమందికి పని కల్పించాడు. ఆ సాయం సాగుతున్నంత కాలం బాప్తిస్మములు ఆపివేశాడు. ఆ తరువాతనే, 1878 జూలై 3న, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. చేర్చుకొనడానికి ఇచ్చేది వేరు. చేరి నష్టపోయినవానికి తోడుండడం వేరు. యెరూషలేము సంఘం చేసినది రెండవది.

ముగింపు

ఈ వాక్యభాగాన్ని ఇకమీదట 35వ వచనం వరకు చదివి ప్రసంగించాలన్నది ఈ పరిశీలన చేసే మొదటి మనవి. అలా చదివినప్పుడు ప్రసంగీకుని ప్రశ్న మారుతుంది. "నీకెందుకు ధైర్యం లేదు?" అని వ్యక్తిని అడగడానికి ముందు, "ఇతడు మాట్లాడితే కలిగే నష్టంలో మన వంతు ఎంత?" అని సంఘం తన్ను తాను అడుగుకోవాలి. నోరు తెరచి ఫీజు పోగొట్టుకొన్న విద్యార్థికి, పని పోగొట్టుకొన్న కూలీకి, కేసులలో చిక్కుకొన్న గ్రామ సేవకునికి మన సంఘాల పద్దులలో ఒక వరుస ఉందా? ప్రహరీగోడకు, సౌండ్ సిస్టమ్‌కు ఉన్న వరుసలు చూచినవారెవరైనా ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేరు.

ఆ పెద్దాయన మరల ఎదురైతే నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. కాని ఆయన అడిగినది అవిశ్వాసంతో అడిగిన ప్రశ్న కాదని, అది దాపరికం లేని సూటి మాట అని ఇప్పుడు గ్రహించాను. ఆ ఆదివారం ఆ మందిరంలో పర్రేసియతో మాట్లాడినవాడు ఆయనే.