మఖ్దూమ్ పంపకం

మఖ్దూమ్ మొహియుద్దీన్‌ని అన్నదమ్ముల ఆస్తిలా పంచేశారు. జెండా పట్టిన మఖ్దూమ్ తెలుగు కమ్యూనిస్టుల వాటా. గజల్ మఖ్దూమ్ ఉర్దూ ముషాయిరాల వాటా. ట్యాంక్‌బండ్ విగ్రహం సర్కారు వాటా. ముస్లిం మఖ్దూమ్ మాత్రం ఎవరి వాటాకీ రాలేదు. ఎప్పుడైనా వచ్చినా, 'చూడండి, ఇలాంటి మంచి ముస్లింలు కూడా ఉన్నారు' అనడానికే వచ్చాడు. తెలుగులో రాస్తున్న ముస్లింలుగా మేం ఈ పంపకాన్ని ఒప్పుకోం.

1908లో మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి కార్మిక సంఘాల్లోకి నడిచిన మనిషి ఆయన. తొలి సంపుటి 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. ఎర్రని ఉదయం అని పేరు కాబట్టి లోపలంతా నినాదాలే అనుకుంటారు చదవనివాళ్లు. ప్రేమ నజ్మ్‌లు ఆ పుస్తకంలోనే ఉన్నాయి. పొలం పనుల్లో తిరిగే తెలంగాణ పడుచుని 'తెలంగన్' అనే నజ్మ్‌తో ఉర్దూ కవిత్వంలోకి తెచ్చాడు. 'హవేలీ'లో శిథిలమైన పాత భవంతిని చూపించి దొరతనం కుళ్లుని చెప్పాడు. నిజాం ముస్లిం కాబట్టి ముస్లింలంతా నిజాం మనుషులేనని ఇప్పటికీ అనేవాళ్లు ఈ పుస్తకం తేదీ ఒకసారి చూసుకోవాలి.

తర్వాత సాయుధ పోరాటం, అజ్ఞాతవాసం, జైలు. జైల్లో రాసిన 'ఖైద్'లో గొంతు తగ్గింది. కవి తన ఒంటరితనంతో తలపడ్డాడు. 'చాంద్ తారోం కా బన్'లో స్వాతంత్ర్యానికి ముందు, తర్వాత, ఆ పైన అని మూడు దశల్ని ఒకే నజ్మ్‌లో పట్టాడు. ఆశ ఉంది, మోసం ఉంది, అయినా నడక ఆగలేదు.

1961లో 'గుల్-ఎ-తర్' వచ్చింది. గజల్ వచ్చింది. ఇక్కడే చాలామంది విమర్శకులు పెదవి విరిచారు: విప్లవకవి మెత్తబడ్డాడన్నారు. మరి అదే 1961లో లుముంబా హత్య మీద నోరు మూసుకోవద్దని రాసింది ఎవరు? ఆ ఏళ్లలో ట్రేడ్ యూనియన్లలో, శాసనమండలిలో కూలీల తరఫున మాట్లాడింది ఎవరు? 'చారాగర్' చదవండి. ఇద్దరు ప్రేమికుల కథ అది. మసీదు, గుడి, మధుశాల మూడూ ఆ ప్రేమకు సాక్షులే. దీన్ని మెత్తదనం అనగలమా? ఈ దేశంలో ఇంతకంటే గట్టి రాజకీయం ఏముంది? ఆ నజ్మ్ 1964లో 'చా చా చా' సినిమాలో పాటైంది. ఆయన గజల్ 1982లో 'బాజార్'లో పాటైంది. పాడుకున్నవాళ్లకి జైలు గుర్తులేదు, జైలుని గుర్తుంచుకున్నవాళ్లకి పాట అక్కర్లేదు.

ఒక ప్రశ్న మమ్మల్ని వదలదు. ఇంత రాసినవాడు 'నేను ముస్లింని' అని మాలాగా ఎందుకు రాయలేదు? ఆయన కాలపు హైదరాబాద్‌లో ఉర్దూ పాలనకీ, చదువుకీ భాష. ఉస్మానియాలో పాఠం ఉర్దూలోనే. ఆయన ఉనికిని ఆ భాషే మోసింది, వేరే చెప్పుకోవాల్సిన అవసరం పడలేదు. 1948 తర్వాత ఉర్దూకి ఆ స్థానం పోయింది. 1992 డిసెంబర్ 6 తర్వాత మిగిలిన ధీమా కూడా పోయింది. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాయాల్సి వచ్చింది. 1998 నాటికి 'జల్‌జలా' సంకలనం తేవాల్సి వచ్చింది. వర్గం గెలిస్తే మతం పేరుతో పడిన గోడలు వాటంతటవే కూలతాయని మఖ్దూమ్ తరం నమ్మింది. ఆ నమ్మకాన్ని మేం గౌరవిస్తాం. కానీ మా గల్లీల్లో బతకడానికి అదొక్కటే చాలదు. ఆయన చెప్పనిది మేం తెలుగులో చెబుతున్నాం. అంతమాత్రాన ఆయనకి దూరమైనట్టు కాదు.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. మీకు పనికొచ్చే సగమే ఉంచుకుని మిగతా సగాన్ని గుమ్మం బయట వదిలి రమ్మంటే, అది మఖ్దూమ్‌కైనా మాకైనా అవమానమే. 1966లో వచ్చిన 'బిసాత్-ఎ-రక్స్'లో ఆయన తొలినాటి నజ్మ్‌లనీ, చివరి గజళ్లనీ ఒకే అట్టల మధ్య పెట్టాడు. సాహిత్య అకాడమీ 1969లో బహుమతి ఇచ్చింది ఆ పుస్తకానికే. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయాడు. తన కవిత్వాన్ని ఆయన ముక్కలు చెయ్యలేదు. చేసే హక్కు ఎవరికీ లేదు.