లైను శబ్దార్థ విమర్శము

ఆంగ్లమునుండి తెలుఁగునఁ బ్రవేశించిన శబ్దములలో 'లైను' అనునది మిక్కిలి చిన్నది; ప్రయోగమున మాత్ర మది మహాప్రభువు. స్వర్ణముఖీ తీరమునందలి మా నాయుడుపేటలో నొక్క దినమున దాని నెన్ని యర్థములతో వినవచ్చునో గమనించినచో నాశ్చర్యము గలుగును. గూడూరు చెన్నపట్టణముల నడుమ నుండు నినుపదారి లైను. విద్యుత్తు ప్రవహించు తీఁగె లైను. దానిని బాగుచేయువాఁడు లైనుమాను. చౌకధరల దుకాణముకడ జనులు నిలుచుట లైను. టెలిఫోనున మాటాడువాఁడు 'లైనులో నుండుఁడు' అనును. 'నీ కుమారుఁ డే లైనులో నున్నాఁడు' అని యడిగినచో వృత్తి యని యర్థము. కుఱ్ఱవాఁడు కన్నెపిల్లకు లైను వేయుట యనునది పండితులు పలుకరాని యర్థమే కాని, వినకుండుట యెవరి తరము?

ఇట్టి శబ్దమునకు బడిపిల్లల పదపట్టికలలో 'గీత' యని యొక్కటే యర్థము వ్రాయుచున్నారు. ఈ యాచారమును విమర్శించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. అట్లు చదివిన బాలుఁడు, ఫలానివాఁడు ప్రాచీనమైన లైనునఁ బుట్టెనను నాంగ్లవాక్యమును జూచి, మనుష్యుని గీతయందుఁ బుట్టించును. తప్పు బాలునిది కాదు.

మూలము విచారింతము. లాటినుభాషలో 'లీనుమ్' అనఁగా అవిసె మొక్క. దాని నారతోఁ బేనిన దారము 'లీనెయా'. మనవారు క్షౌమ మనిన వస్త్రమును ఆ నారతో నేసినదే. కాఁబట్టి లైనునకు మొదటి యర్థము గీత కాదు, దారము. దారమును బిగించి లాగినచోఁ దిన్నని దగును. తాపీపనివాఁడు దానినిబట్టియే గోడ లేపును. దాని జాడ నేలపైఁ బడినచో గీత. దాని వెంట మనుష్యులు నిలిచినచో వరుస. అది తెగక సాగినచో వంశము. దర్జీవాఁడు రవికకు లోపల వేయు లైనింగు గుడ్డయు నీ యవిసెనారకుఁ జుట్టమే. పూర్వము ఆంగ్లదేశమున వస్త్రములకు లోపలివైపున నారబట్ట నమర్చుచుండుటచే నా పని కా పేరు వచ్చెను.

ఈ యర్థపరిణామము మనకుఁ గ్రొత్త కాదు. సూత్ర మనఁగా దారము. పాణిని రచించినవియు సూత్రములే. సంతతి శబ్దము 'తను' ధాతువునుండి వచ్చినది. మగ్గముపైఁ దంతువును సాఁచుటయు వంశమును సాగించుటయు నా ధాతువునకే చెల్లును. తెలుఁగున 'వరుస'ను జూడుఁడు: మనుష్యుల బారు వరుస, మేనమామ యగుట వరుస, పాట పాడు తీరును వరుసయే. పంక్తికి వికృతియైన 'బంతి' భోజనమునకుఁ గూర్చున్నవారి వరుసను దెలుపును. పిల్లలాడుకొను బంతితో దానికి రూపసామ్యమే గాని చుట్టఱికము లేదు.

శబ్ద మొక్కటియై యర్థములు పెక్కులా, లేక యర్థభేదముచే శబ్దమే భిన్నమా యని భర్తృహరి వాక్యపదీయమున నీ రెండు పక్షములను జూపియున్నాఁడు. లైను విషయమున నాంగ్లనిఘంటుకారులకును నీ చిక్కే కలిగినది: ప్రాచీనాంగ్లమునందే యున్న రూప మొకటి, ఫ్రెంచిభాషాద్వారమున వచ్చినది వేఱొకటి, రెండును లాటినుమూలకములే, రెండును నొక్కటిగాఁ గలిసిపోయినవి. అర్థనిర్ణయమునకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలగునవి హేతువులని భర్తృహరియే చెప్పెను. భోజనవేళ సైంధవము తెమ్మనినచో నుప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము. ప్రకరణమును ద్రెంచివైచి పదమును మాత్రము చూపు పట్టిక, విస్తరిలో గుఱ్ఱమును వడ్డించునట్టిది.

పత్రికలలో నెలకొనిన 'దారిద్ర్యరేఖ', 'నియంత్రణరేఖ' యనునవి బాగుగనే యున్నవి. కొలఁతయు సరిహద్దును రేఖకుఁ జెల్లును. 'ఎఱ్ఱగీత దాఁటిరి' అను వ్రాఁత మాత్రము నాకు రుచింపదు. మేర మీఱరాదను భావమునకు మనకు లక్ష్మణరేఖ కలదు. అది వాల్మీకమున లేదని యాక్షేపింతురు. నిజమే, కాని నుడికారమునకు జనుల నోరే ప్రమాణము.

ఇఁక లైను తెలుఁగగునా? రూపమునుబట్టి చూచినచో, అది యుకారాంతమై, లైనుకు, లైనులో నని విభక్తులను బొంది, బహువచనమున నడిమి యుత్వమును గోల్పోయి లైన్లు అయినది. అర్థమునుబట్టి చూచినను నట్లే. 'లైను క్లియరు' అనునది రైల్వేవారి పరిభాషలో, బండి రావచ్చునని ముందరి స్టేషనువా రిచ్చు ననుమతి. నేఁడు పెండ్లిసంబంధమునకు మేనమామ యొప్పుకొన్నను లైను క్లియరే. ఇట్టి లక్షణార్థము ఇంటివాఁ డైన శబ్దమునకే గాని యతిథికి లభింపదు.

బ్రౌను 1852లోఁ దెలుఁగు నిఘంటువును, 1854లో మిశ్రభాషాపదములకు వేఱుగ నొక నిఘంటువును బ్రకటించెను. అన్యదేశ్యముల నట్లు వేఱుపఱచుట నాఁటికి సౌకర్యమే. కాని సంతకుఁ బోవువాఁడు రెండు భాషలు మాటాడఁడు. 1885 నాఁటి శబ్దరత్నాకరమును, 1936లోఁ బ్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును గావ్యభాషకు మన కాధారములు. వాని ప్రక్క నిలుచు నూతననిఘంటువున లైనునకుఁ జోటీయవలయును. వ్యుత్పత్తిలో నవిసెదారమును జూపి, మన వాడుక ననుసరించి ముందు వరుస, పిదప తీఁగె, ఇనుపదారి, వృత్తి యను నర్థములను, ఒక్కొక్క దానికి నొక వాక్యముతోఁ జేర్పవలెను. 'గీత' వాని వెనుక రావచ్చును. 'లైను వేయు' అనుదానిని వదలరాదు.