మందిరం ముందు, బడి తరువాత

ధార్మిక సంస్థలు బడి పెట్టాలనుకోగానే మొదట చేయించేది నాలుగంతస్తుల భవనం బొమ్మ. చందా పుస్తకం అట్ట మీద ఆ బొమ్మే ఉంటుంది. మొదటి అంతస్తు లేచేసరికి డబ్బు అయిపోతుంది. శ్లాబు మీద నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఏళ్లతరబడి తుప్పు పడుతుంటాయి. పిల్లలు మాత్రం ఆ ఏళ్లన్నీ పూర్తికాని భవనంలోనే చదివి వెళ్లిపోతారు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో శాంతినికేతన్ పెరిగిన దారి వేరు. అక్కడ ఏ దశకా దశ తనకు తాను చాలుతూ వచ్చింది.

1863లో దేవేంద్రనాథ్ ఠాగూర్ రాయపూర్ జమీందారుల దగ్గర ఇరవై బిఘాల నేల శాశ్వత కౌలుకు తీసుకున్నారు. వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి బయలు అది. చెప్పుకోదగ్గవి రెండు ఏడాకులపాల చెట్లు. ఆయనకు కావలసింది బడి కాదు, ధ్యానానికి ఒక చోటు. ఒక ఇల్లు కట్టించారు, తోట వేయించారు. 1891లో ఉపాసనా మందిరం వచ్చింది. ఇనుప చట్రంలో రంగురంగుల గాజు పలకలు అమర్చిన మందిరం అది. లోపల విగ్రహం లేదు, గర్భగుడి లేదు, వెలుతురే ఉంది. దేవేంద్రనాథ్ అనుసరించిన బ్రహ్మసమాజం నిరాకారమైన దైవాన్ని కొలుస్తుంది. ఆ మాట ఎవరూ విప్పి చెప్పకుండానే కట్టడం చెబుతుంది.

వీటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది 1888 నాటి ట్రస్టు పత్రం. విగ్రహారాధన కూడదు, ఏ మతాన్నీ దూషించకూడదు, మాంసం, మద్యం ఉండకూడదు, ఏటా ఒక మేళా జరగాలి, వీలైతే ఒక విద్యాలయం, గ్రంథాలయం పెట్టవచ్చు. ఎక్కడ ఏ భవనం రావాలో ఆ పత్రం నిర్ణయించలేదు. మారకూడనివి ఏవో తేల్చి, మిగతాదంతా వెనక వచ్చేవాళ్లకు వదిలేసింది. మాస్టర్‌ప్లాన్ అంటే గదుల లెక్క అనుకునేవాళ్లు ఒకసారి చదవవలసిన కాగితం.

విద్యాలయం పెట్టవచ్చన్న ఆ వీలును దేవేంద్రనాథ్ కొడుకు రవీంద్రనాథ్ 1901 డిసెంబరులో వాడుకున్నారు. బ్రహ్మచర్యాశ్రమం మొదలైన రోజు విద్యార్థులు అయిదుగురు, అందులో ఒకరు ఆయన కొడుకు రథీంద్రనాథ్. ఖర్చుల కోసం పూరీలోని ఇల్లు అమ్మారు, భార్య మృణాళినీదేవి నగలూ అమ్ముడుపోయాయి. చెట్ల కింద తరగతులు అనగానే మనవాళ్లు కవిహృదయం అంటారు. నిజమే కానీ, అందులో పొదుపు కూడా ఉంది. మామిడితోపు అప్పటికే ఉంది, గదులు లేవు. పిల్లవాడు తన ఆసనం చంకన పెట్టుకుని వస్తాడు, చెట్టు చుట్టూ గుండ్రంగా కూర్చుంటారు, వాన వస్తే వసారాలోకి చేరతారు. తరగతి పెరిగితే గోడ పగలగొట్టక్కరలేదు, ఇంకో చెట్టు కిందికి మారితే సరి. ఇలా చెదిరిపోయిన బడిని ఒక్కటిగా పట్టి ఉంచినవి రెండు: సాంచీ తోరణాన్ని పోలిన కట్టడానికి వేలాడే గంట, వారం వారం మందిరంలో జరిగే ఉపాసన. అక్కడ వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం.

పెరుగుదల కూడా పాత భవనానికి రెక్కలు అతికించినట్టు సాగలేదు. 1919లో కళాభవన్, 1921లో విశ్వభారతి, 1922లో సురూల్ గ్రామం దగ్గర పల్లె పునర్నిర్మాణం కోసం శ్రీనికేతన్, 1937లో చీనాభవన్, 1939లో హిందీభవన్. కొత్త పని వచ్చిన ప్రతిసారీ దానికి వేరే గుంపుగా కట్టడాలు, వాటి మధ్య చెట్ల బాటలు. 1910 నుంచి మందిరంలో క్రిస్మస్ కూడా జరుపుతున్నారు. బ్రహ్మసమాజపు ఆశ్రమం చీనా బౌద్ధ గ్రంథాలకు చోటివ్వడానికి ట్రస్టు పత్రం అడ్డు రాలేదు. 1920లలో మన బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదువుకునేనాటికి అది ఇలా విచ్చుకుంటున్న ప్రాంగణమే. ఆ తరువాత ఆయన రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చారు.

కట్టడాల రూపకల్పనలో సురేంద్రనాథ్ కర్‌ది పెద్ద చెయ్యి. చిత్రకారుడు, 1927లో రవీంద్రుడితో జావా వెళ్లివచ్చినవాడు. రవీంద్రుడు ఉండిన ఉత్తరాయణ్ ఆవరణలో ఉదయన్ అనే ఇల్లు ఏళ్లతరబడి గదికి గది చేరుతూ పెరిగింది. అందుకే దాని నేల ఒక మట్టంలో ఉండదు, కొన్ని గదులు ఎత్తులో, కొన్ని పల్లంలో. ఆ తేడాను దాచకుండా అందంగా మలిచారు.

నేను ఎక్కువసేపు చెప్పాలనుకునేది మట్టి ఇళ్ల గురించి. 1935లో రవీంద్రుడి కోసం కట్టిన శ్యామలి గోడలే కాదు, పైకప్పూ మట్టిదే. గడ్డికప్పు నిప్పుకు భయపడాలి, పెంకుకు ఖర్చు. మట్టికప్పు నిలిస్తే చుట్టుపక్కల పేదపల్లెలకు ఒక నమూనా దొరుకుతుందన్న ఆశ. గోడల మీద చిత్రకారుడు నందలాల్ బోస్, శిల్పి రామ్‌కింకర్ బైజ్, విద్యార్థులు కలిసి ఉబ్బెత్తు బొమ్మలు మలిచారు. 1940లో గాంధీజీ వచ్చినప్పుడు బస అందులోనే. కళాభవన్ విద్యార్థుల వసతిగృహం కాలోబారికి మట్టిగోడల మీద తారు పూశారు, వాన తట్టుకోవడానికి. నల్లటి ఆ గోడల మీదా శిల్పాలే. శిల్పం నేర్చుకునే పిల్లలకు తామున్న ఇల్లే పలక అయింది. ఇలాంటి పాఠం కాంట్రాక్టరుకు అప్పజెప్పిన భవనంలో దొరకదు.

దీనికి వెల లేకపోలేదు. మట్టి ఏటా మరమ్మతు అడుగుతుంది. శ్యామలి కప్పు వానలకు దెబ్బతింది. అదే తన చివరి ఇల్లన్న రవీంద్రుడు ఆ తరువాత మరో రెండు కట్టించుకున్నారు. అడిగే గురువు, చేసే చేతులు, ఓపిక ఉన్నంత కాలమే ఈ పద్ధతి నడుస్తుంది. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయం అయ్యాక విద్యార్థులు, శాఖలు, బడ్జెట్లు పెరిగాయి, మామూలు కాంక్రీటు భవనాలూ వచ్చాయి. అవి రావడం తప్పని నేను అనను. వేల మందికి చెట్ల నీడ చాలదు.

గోడ సంగతి మాత్రం వేరు. 2020 ఆగస్టులో పౌష్‌మేళా మైదానం చుట్టూ ప్రహరీ కడుతుంటే జనం వచ్చి కూలగొట్టారు. మేళాకు వచ్చే తాకిడి, చెత్త, ఆక్రమణల భయం, అన్నీ యాజమాన్యానికి నిజమైన ఇబ్బందులే. అయినా 1888 పత్రం రాసుకున్న మేళా అది, ఊరు ఆశ్రమంలోకి నడిచివచ్చే చోటు. 2023లో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు అక్కడ ఏ ప్రహరీ లేవాలన్నా, ఏ చెట్టు పడాలన్నా, ఆ జాబితాకూ జవాబు చెప్పుకోవాలి.