తరువాయి వచ్చే వారం

దసరా సెలవలకు ముందు రోజు తొమ్మిదో తరగతి పిల్ల వొకతె స్టాఫ్‌రూము గుమ్మం కాడ నిలబడింది. "సార్, సెలవల్లో చదువుకోటానికి వొక నవల చెప్పండి. మొదలుపెడితే కింద పెట్టలేనిది కావాలి" అంది. నా సంచిలో వున్న 'అతడు అడవిని జయించాడు' తీసి యిచ్చాను. పిల్ల వెళ్ళిపోయినాక పక్క కుర్చీలో వున్న సీనియర్ పంతులుగారు నవ్వారు. "మీవాళ్ళ పుస్తకాల్లో బాధ వుంటది గానీ మాస్టారూ, బిగువు వుండదు. పిల్ల పది పేజీలకే పక్కన పడేస్తది చూడండి" అన్నారు.

ఆ నవల రాసింది డాక్టర్ కేశవరెడ్డి. పేరు అట్ట మీదే వుంది. కానీ అది పందులు మేపుకునే ముసలివాడి కథ. అందుకని ఆయన లెక్కలో అది మావాళ్ళ పుస్తకం అయిపోయింది! పందికి కులం వుంది, పుస్తకానికి కులం వుంది, చివరికి బిగువుకి కూడా కులం వుందన్నమాట.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. యిప్పుడు చెబుతున్నాను. ఆయనకి కాదు, మీకు. మన పిల్లలు అడిగినప్పుడు మీరేం చెబుతారో అని.

అసలు యీ బిగువు అంటే యేంటి? నాకు తెలిసిన మేరకు దానికి వొకటే గుర్తు. 'తర్వాత యేమైంది?' అని మనిషి అడగాలి. ఆ ప్రశ్న నాకు చిన్నప్పుడే పట్టుకుంది. మా అమ్మ వూళ్ళో వొక ఆసామి గొడ్లచావిడి వూడ్చేది. వాళ్ళు చదివి పారేసిన వారపత్రికలు చిత్తుకాగితాల కింద పడివుంటే కొంగున దోపుకొచ్చేది. వాళ్ళకది చిత్తు. నాకది లైబ్రరీ. పేడ మరకల కింద అక్షరాలు వెతుక్కుని చదివేవాణ్ణి. ప్రతి సీరియలూ మంచి పట్టులో ఆగిపోయేది. కింద 'తరువాయి వచ్చే వారం' అని వుండేది. వచ్చే వారం మాకు వచ్చేది కాదు. ఆసామి యింట్లో ఆ పేజీల్లో వేరుశనక్కాయలు పొట్లం కట్టుంటారు, లేకపోతే పొయ్యిలో పెట్టుంటారు. మొదలు లేని కథలు, చివర లేని కథలు. మధ్యలో పోయిన భాగాల్ని నేనే కల్పించి మా చెల్లెలికి చెప్పేవాణ్ణి. 'తర్వాతేమైంది అన్నా?' అని అది నిద్రపోకుండా అడిగేది.

యింటర్‌కి టౌనుకి పోయినాక అద్దె పుస్తకాల కొట్టు దొరికింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, యండమూరి 'తులసిదళం'. హాస్టలు లైటు తీసేస్తే వీధి దీపం కింద చదివాను. ఆ నవలల్ని నేను తిట్టను. మన విమర్శకులు కొందరు వాటిని కాలక్షేపం అని వొక్క మాటతో కొట్టేస్తారు. యింటి నిండా పుస్తకాలున్నోళ్ళకి ఆ మాట చెల్లుద్ది. యింట్లో అక్షరమే లేని నాలాంటోడికి నాలుగొందల పేజీలు వొక్క రాత్రి చదవడం నేర్పింది అవే. ఆ రుణం వుంది.

కాకపోతే డిగ్రీలో వుండగా వొక అనుమానం మొదలైంది. యీ నవలల్లో ప్రమాదం యెవరికి వస్తది? బంగళా వున్నవాడికి, యినప్పెట్టె వున్నవాడికి, కారు వున్నవాడికి. పోయేది వాళ్ళ సొమ్ము, వాళ్ళ పరువు, వాళ్ళ పిల్ల. మరి నేను చదివిన వాటిల్లో మనమెక్కడున్నాం? గేటు కాడ వాచ్‌మన్. వంటింట్లో పనిమనిషి. మొదటి అధ్యాయంలో చచ్చిపోయి, రెండో అధ్యాయానికి యెవరికీ గుర్తుండని శవం. మనం కథ నడవటానికి పనికొస్తాం గానీ, మనకి యేమవుద్దో అని పాఠకుడు వూపిరి బిగపట్టడు. నేనే బిగపట్టలేదు! మా అమ్మలాంటి పనిమనిషి చస్తే పేజీ తిప్పేసి, ఆసామి కూతురులాంటి పిల్ల కోసం తెల్లవార్లూ కూచున్నాను. యీ సంగతి తెలిసిన రోజు నాకు నా మీదే రోత పుట్టింది.

ఆ రోత నుంచే వేరే నవలలు వెతుక్కున్నాను. నాలుగు చెబుతాను. నాలుగూ కింద పెట్టలేనివే. వాటితో నాకున్న తగూ కూడా చెబుతాను. తగూ లేకుండా పొగిడితే అది భజన.

మొదటిది 'మాలపల్లి'. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో వుండి రాశాడు. అప్పటి ప్రభుత్వం నిషేధించింది. లావు పుస్తకం, పాతకాలం భాష అని జడిసి పిల్లలు ముట్టుకోరు. ముట్టుకోమని చెప్పండి. కూలి గొడవలున్నాయి, హత్య వుంది, దొంగతనాలున్నాయి, జైలు వుంది. రామదాసు పెద్దకొడుకు వెంకటదాసు జగ్గడనే పేరుతో వున్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచే కథ చదువుతుంటే షాడో యేం పనికొస్తాడు?

నా తగూ సంగదాసు దగ్గర. చదువుకున్నవాడు, కూలోళ్ళని కూడగట్టినవాడు, రామదాసు కొడుకు. చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. తర్వాత అతని పేరు మీద సంగపీఠం లేస్తది. అతని స్నేహితుడు, చౌదరయ్య కొడుకే అయిన రామానాయుడి మనసు పండుతది. తండ్రి రామదాసు వేదాంతంతో వోర్చుకుంటాడు. ఉన్నవ మంచివాడే, కాదనను. ఆ కాలంలో మాలదాసరి యింటిని నవల నడిమధ్యన నిలబెట్టడం సామాన్యం కాదు. కానీ మనవాడు చస్తే గానీ వాళ్ళవాడి మనసు మారకూడదా? మన చావు యింకొకరి గుండె కరగటానికి మలుపా? యీ ప్రశ్న పెట్టుకుని చదివితే 'మాలపల్లి' యింకా గట్టిగా పట్టుకుంటది. వొదిలిపెట్టదు.

రెండోది నేను ఆ పిల్లకిచ్చింది. కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. యేళ్ళ తరబడి డిచ్‌పల్లి కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యం చేశాడు. 2015లో చనిపోయాడు. చిన్న నవల. ఈనబోయే పంది వొకటి మందతో యింటికి రాలేదు. ముసలివాడు దాన్ని వెతుక్కుంటూ చీకటిపడ్డాక అడవిలోకి పోతాడు. అంతే కథ. హెమింగ్వే 1952లో రాసిన సముద్రం ముసలివాడి నవలతో దీన్ని పోలుస్తారు. పోల్చుకోనీండి. నాకు మాత్రం మా అమ్మే కొలబద్ద.

అమ్మకి చదువు రాదు. వొక వానాకాలం రాత్రి కరెంటు పోతే, దీపం పెట్టుకుని యీ నవల పైకి చదివాను. మొదట జొన్నలు చేరుగుతా వింది. పంది కనపడ్డ చోటికి వచ్చేసరికి చేట పక్కన పెట్టింది. తను కాపాడటానికి పోయిన పందే ముసలివాణ్ణి దగ్గరికి రానీదు. ఈనిన తల్లి కదా, పిల్లల జోలికొచ్చే యెవణ్ణైనా శత్రువే అనుకుంటది. చుట్టూ చీకట్లో జంతువులు పొంచివున్నాయి. "పంది తప్పేముందిరా, అది తల్లి" అంది అమ్మ. కాసేపాగి, "ముసలోడి తప్పు మాత్రం యేముంది? దాన్ని నమ్ముకునే బతుకుతున్నాడు గదా" అంది. యే తప్పూ లేని రెండు ప్రాణులు యెదురెదురుగా నిలబడ్డాయి. బిగువంటే అది. సాహిత్య సభల్లో విన్న వుపన్యాసాలన్నీ కలిపినా నాకు అంత తెలియలేదు. నాకు నిద్రొచ్చి ఆపబోతే, "అబ్బయ్యా, పిల్లలేమైనయ్యో చెప్పి పడుకో" అని గదమాయించింది. చివర యేమైందో నేను మీకు చెప్పను. చదవండి.

తగూ యేమంటే, యీ నవల్లో శత్రువు అడవి, చీకటి, విధి. ముసలివాణ్ణి వూరి అంచుకి తోసిందెవరో, అతని బతుకు నాలుగు పందుల మీద నిలబడేట్టు చేసిందెవరో కనపడరు. అడవిని జయించాడు సరే, వూరిని జయించేదెప్పుడు?

వూరిని యెదిరించే కథ కావాలంటే మూడోది, జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'. 2000లో వచ్చింది. రూతు అనే ముసలామె కూచుని, చనిపోయిన భర్త రూబేను ద్వారా తెలిసిన తరాల కథని తలుచుకుంటది. ఆట చూడబోయి తరమబడ్డ చిన్నపిల్లాడు ఎల్లన్న పాటగాడవుతాడు. చేలకి నీళ్ళ కోసం సుభద్ర తెగించి నిలబడే చోట నేను నిజంగానే లేచి నిలబడి చదివాను. తర్వాత కరువు. వలస. కాలవ పని కాడికి పోయినా అంటు వెంటే వస్తది.

మా ప్రకాశం వైపు వాళ్ళకి యిది కల్పన కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని పెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో వొక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. కూటికోసం మతం మారారని మనల్ని యీసడించినోళ్ళు, ఆ కూడు అంతకుముందు మనకి యెవరు అందనివ్వలేదో చెప్పరు. మా తాతల పేర్లు యెందుకు మారినయ్యో నాకు బడి పుస్తకాల్లో దొరకలేదు. యీ నవల్లో దొరికింది. చిన్నప్పుడు పోయిన సీరియల్ పేజీలు యెవరో తెచ్చి చేతిలో పెట్టినట్టు అనిపించింది.

యింకో సంగతి గమనించండి. యీ నవల్లో మనిషి చచ్చిపోతే కథ ఆగదు. వూరిపెద్ద మనసు కరగటానికి ఆ చావు వాడుకోబడదు. కొడుకు కథ, మనవడి కథ అందుకుంటయ్యి. 'మాలపల్లి'తో నాకున్న తగూకి జవాబు యిదే. తగూ యిక్కడా వుంది. పాయలన్నీ చివరికి వొకే విప్లవంలో కలవాలన్న తొందర రచయితకి వుంది. కలవాలా, యే పాయ ఆ పాయగా పారాలా అన్నది మీరు వాదించుకోండి. వాదన పుట్టించే పుస్తకమే కావాలి మనకి.

నాలుగోది వేముల ఎల్లయ్య 'కక్క'. నల్లగొండ మాదిగవాడ భాషలో రాసింది. మొదటి పేజీల్లో నేను కూడా తడబడ్డాను. కోస్తా మాదిగని నేను, చాలా మాటలు తెలియలేదు. పుస్తకం మూసేద్దామనుకున్నాను. అప్పుడు నాకు సిగ్గేసింది. సంస్కృత సమాసాలు నిఘంటువు పెట్టుకుని బట్టీ పట్టినోణ్ణి. నా తాత పట్టుకున్న ఆరె, రంపె, కూచున్న లంద వాసన తెలిసినోణ్ణి. నా సొంత కులం మాటకి నేను వోపిక పట్టలేనా? గట్టిగా పైకి చదివాను. చెవికి అర్థమైంది. కంటికి బరువైన భాష నాలిక మీద తేలికైంది. పిల్లలకి అదే చెప్పండి. 'కక్క'ని మౌనంగా చదవొద్దు.

సెలవలైపొయినయ్యి. ఆ పిల్ల పుస్తకం తెచ్చింది. అట్ట నలిగింది. మధ్యలో యేదో నూనె మరక. పది పేజీలకి పక్కన పడేసిన పుస్తకం అట్లా వుండదు. "రెండుసార్లు చదివాను సార్" అంది. వెళ్ళబోయి ఆగి, గొంతు తగ్గించి అడిగింది. "మా తాత కూడా పందులు మేపేవాడు సార్. పుస్తకం గురించి క్లాసులో చెప్పమన్నారు గదా. ఆ మాట చెప్పొచ్చా?"

పంతులుగారు పక్కనే కాపీలు దిద్దుతున్నారు. నేను వెంటనే జవాబివ్వలేకపొయ్యాను. చెప్పమని అనటం తేలికే. రేపటినించి ఆ పిల్లని క్లాసులో యేమని పిలుస్తారో నాకు తెలుసు. నేనే యీ బళ్ళో ఆరేళ్ళుగా వున్నాను. మా అమ్మ గొడ్లచావిడి వూడ్చిందనీ, నా మొదటి పుస్తకాలకి పేడ అంటుకుని వుండేదనీ యెవరికీ చెప్పలేదు. యే వూరు, యే కాలేజీ అని అడిగినవాటికి జవాబిచ్చి, మిగతాది మింగేశాను. నవలల్లో ధైర్యం గురించి వుపన్యాసాలు యిచ్చేవాణ్ణి, స్టాఫ్‌రూములో మింగేశాను.

"ముందు నేను చెబుతాను. తర్వాత నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు" అన్నాను. పంతులుగారి పెన్ను ఆగింది. మర్నాడు మూడో పీరియడ్లో చెప్పాను. చావిడి సంగతి, పేడ సంగతి, చిరిగిన సీరియళ్ళ సంగతి. వెనక బెంచీలో యెవడో కిసుక్కుమన్నాడు. నేను ఆపలేదు. "తర్వాత యేమైంది సార్?" అని యింకెవరో అడిగారు. ఆ పిల్ల మాత్రం ఆ రోజు చెప్పలేదు. నేను అడగలేదు. యిప్పుడు దాని చేతిలో 'అంటరాని వసంతం' వుంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ హాస్టళ్ళలో, మీ సంఘం ఆఫీసుల్లో యీ నాలుగు పుస్తకాలూ పెట్టండి. యే పేజీలూ చినగనీయకండి. చదువు రాని అమ్మలకి పైకి చదివి వినిపించండి. వాళ్ళు చేట పక్కన పెడితే ఆ పుస్తకానికి బిగువుందని అర్థం. యింకొకరి సర్టిఫికెట్టు మనకి అక్కర్లేదు.