ఆ ముప్ఫై ఒక్క పరుగులు ఎవరివి?

చెరువు ఎండితే మా బైరెడ్డిపల్లె వైపు రైతుకు దిగులు, పిల్లకాయలకు పండగ. నెర్రెలిచ్చిన అడుగును పారతో చదును చేసి, నీళ్లు చల్లి, మట్టసం చేస్తే పిచ్ తయారు. ఒకపక్క చెరువు కట్ట, నలభై అడుగులేస్తే చాలు. రెండోపక్క తుమ్మచెట్ల దాకా బయలే బయలు. కట్ట మీద పడితే నాలుగు, దాటితే ఆరు.

నేను ఆడేది తక్కువ, రాసేది ఎక్కువ. పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలే మా స్కోరుబుక్కు. అందులో ఒక ఆదివారం లెక్క ఇప్పటికీ నన్ను పొడుస్తూ ఉంటుంది. ఒక కుర్రాడు 4 ఓవర్లు, 31 పరుగులు, వికెట్ లేదు. ఇంకొకడు 4 ఓవర్లు, 22 పరుగులు, 3 వికెట్లు. మరుసటి రోజు టీ అంగడి దగ్గర రెండోవాడే హీరో. కానీ మొదటివాడి బంతికి మూడు క్యాచ్‌లు లేచాయి, మూడూ జారాయి. పైగా వాడు వేసింది కట్ట వైపు గాలి వీస్తున్నప్పుడు. రెండోవాడికి దొరికిన మూడు వికెట్లూ నడుమెత్తు ఫుల్‌టాసులే. కొట్టినవాళ్లు తుమ్మచెట్ల వైపు కొట్టి దొరికిపోయారు. నా పుస్తకంలో ఇవేవీ లేవు.

మొదటివాడు వచ్చి, "ఏమన్నా, ఆ ముప్ఫై ఒకటీ నావేనా?" అన్నాడు. బౌలర్లను అంకెలతో పోల్చే విద్య మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది.

క్రికెట్ స్కోరుబుక్కుకు కొంత న్యాయబుద్ధి ఉంది. వైడు, నోబాలు బౌలరు ఖాతాలో పడతాయి, బై, లెగ్‌బై పడవు. రనౌటు వాడికి రాదు. జారిన క్యాచ్‌కు మాత్రం గడి లేదు. అది బౌలరు మనసులోనే ఉండిపోతుంది.

బేస్‌బాల్‌లో దీనికోసం ఎప్పుడో గడి గీశారు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన హెన్రీ చాడ్విక్ మొదట క్రికెట్ వార్తలు రాసినవాడు. స్కోరు పట్టిక రాసే అలవాటును ఆయనే బేస్‌బాల్‌కు పట్టుకుపోయాడు. అక్కడ బంతి విసిరే పిచ్చరును కొలిచే పెద్ద అంకె ఈఆర్‌ఏ: తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని పరుగులిచ్చాడన్నది. ఫీల్డరు తప్పు వల్ల వచ్చిన పరుగును అందులోంచి తీసేస్తారు. ఏది తప్పో తేల్చేది మైదానంలో కూర్చున్న స్కోరరు. నాకు ఆ ఉద్యోగం మీద కొంచెం అసూయ.

ఈ లెక్కలోనూ ఒక బొక్క ఉంది. చురుకైన ఫీల్డరు పరుగెత్తి, బంతిని అందుకుని జారవిడిస్తే తప్పు. బద్ధకస్తుడు బంతి దాకా పోనేపోకపోతే అది తప్పు కాదు, పిచ్చరు నెత్తినే పరుగు. 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే బేస్‌బాల్ విశ్లేషకుడు ఒక మాటన్నాడు: బ్యాటుకు తగిలి మైదానంలో పడ్డ బంతి ఏమవుతుందన్నది చాలావరకు పిచ్చరు చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నవి స్ట్రైకౌటు, ఉత్తినే ఇచ్చే వాక్, కంచె దాటే హోమ్‌రన్. వీటిలో ఫీల్డరుకు పనే లేదు. ఈ ఆలోచన నుంచే ఎఫ్‌ఐపీ అనే కొలత వచ్చింది. మొదట చాలామంది నవ్వారు, తర్వాత జట్లన్నీ అదే దారి పట్టాయి.

ఇంకా పాత అంకె ఒకటుంది, గెలుపోటములు. పిచ్చరు పేరు పక్కన ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు అని రాసేవారు. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర చూసి రైతు పనితనాన్ని తేల్చినట్టుంటుంది అది. కాయ అతనిది, ధర అతనిది కాదు. 2018లో జేకబ్ డిగ్రోమ్ ఈఆర్‌ఏ 1.70, గెలుపులు 10, ఓటములు 9. అతని జట్టు బ్యాటర్లు పరుగులు చేయలేదు మరి. అయినా ఆ ఏడు తన లీగ్‌లో మేటి పిచ్చరుకిచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది. పంటను చూశారు, ధరను పక్కన పెట్టారు.

ఇదే కన్నుతో మన హైదరాబాదు స్పిన్నర్లను చూస్తే ముచ్చటేస్తుంది. గులాం అహ్మద్ 22 టెస్టుల్లో 68 వికెట్లు, సగటు 30.17. వెంకటపతి రాజు 28 టెస్టుల్లో 93, సగటు 30.72. ప్రజ్ఞాన్ ఓజా 24 టెస్టుల్లో 113, సగటు 30.26. మూడు తరాలు, ముగ్గురూ ముప్ఫై దగ్గరే ఆగారు. సగటు ఒక్కటే చూస్తే ముగ్గురూ ఒకే అచ్చు.

విప్పి చూస్తే కాదు. రాజు ఓవరుకు ఇచ్చింది 2.25 పరుగులు, కానీ ఒక్క వికెట్‌కు సుమారు 82 బంతులు పట్టేవి. ఓజా 2.68 ఇచ్చాడు, అరవై ఏడెనిమిది బంతులకే వికెట్ తీశాడు. ఇద్దరూ ఎడమచేతి స్పిన్నర్లే. ఒకడు బిగించి పట్టేవాడు, ఇంకొకడు కొంచెం వదిలి లాగేవాడు. రెండో కొసన పేసర్ నిప్పులు చెరుగుతుంటే నాకు రాజు కావాలి. నాలుగో రోజు పొద్దు వాలుతూ నాలుగు వికెట్లు మిగిలితే ఓజా కావాలి. ఒక్క సగటే చూసినవాడికి ఈ తేడా అందదు.

గులాం అహ్మద్‌ది ఓవరుకు 2.18. రాజు కంటే పొదుపరి అనబోయి నాలుక కరుచుకోవాలి. 1950లలో బ్యాటర్లే నెమ్మదిగా ఆడేవారు. 1964లో మద్రాసులో బాపు నాడకర్ణి 32 ఓవర్లలో 27 మెయిడెన్లు వేసి 5 పరుగులిచ్చాడు, అది ఆయన గొప్పే. అటువైపు ఇంగ్లండ్ వాళ్లు కొట్టకూడదని కూర్చోవడమూ అందులో ఉంది. వికెట్ పడలేదు కాబట్టి ఆ ఇన్నింగ్స్‌కు సగటు కట్టడమే కుదరదు!

కాలం తేడాకు బేస్‌బాల్ వాళ్లు వేసిన మందు తేలికైనది. ఎవణ్నైనా వాడి కాలపు తోటివాళ్లతోనే తూచాలి. అందరి సగటును వందగా పెట్టుకుని, ఆడిన మైదానం స్వభావాన్ని కూడా కలిపి లెక్క కడతారు; వంద దాటేకొద్దీ మెరుగు. 1968లో బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ 1.12, కానీ ఆ ఏడు పిచ్చర్లందరిదీ పైచేయే. ఆ మరుసటి ఏడు పిచ్చరు నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారంటే చూడండి. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74. అంకె పెద్దదే, కానీ బ్యాట్లు చెలరేగిన కాలం అది. ఈ తూకంలో పెడ్రో 291, గిబ్సన్ 258.

మైదానం సంగతీ అంతే. డెన్వర్ ఊరు సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది, పలచని గాలిలో బంతి దూరం పోతుంది. అక్కడి పిచ్చరు అంకెను అలాగే తీసుకుంటే అన్యాయం. ఆ డెన్వర్ కథ విన్న రోజు నాకు మా చెరువు కట్టే గుర్తొచ్చింది.

ఇంకో చిక్కు, కొద్దిపాటి లెక్క. 1990లో చండీగఢ్‌లో శ్రీలంక మీద రాజు 12 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆ ఒక్క ఇన్నింగ్స్ తీసేసి చూడండి, 28 టెస్టుల సగటు 30.72 నుంచి 32.70కి పోతుంది. అంత పెద్ద లెక్కలోనే ఒక్క పూట రెండు పరుగులు కదిలిస్తే, ఎండాకాలంలో ఇరవై ఓవర్లు వేసే మా కుర్రాడి సగటు మీద ప్రమాణం చేయగలమా? అందుకే మా కుర్రాళ్లకు సగటు చెప్పడం మానేశాను. బ్యాటరు ఎన్నిసార్లు గాలికి ఊపాడు, ఎన్ని వైడ్లు వేశాడు అన్నవే చెప్తున్నాను. కొన్ని ఓవర్లలోనే కాస్త బయటపడేవి అవి.

ఆ ఆదివారం తర్వాత పుస్తకంలో ఒక మార్పు చేశాను. క్యాచ్ జారితే బంతి చుక్క పక్కన చిన్నగా 'జా' అని రాస్తాను. దాంతో ఫీల్డర్లకు నా మీద కోపం. ఒకడైతే, "ఎండ కంట్లో పడిందన్నా, అది కూడా రాయి," అని నిలదీశాడు.

ఆ మొదటి కుర్రాడు మాత్రం వచ్చి, పేజీ తిప్పి, తన ఓవర్ల పక్కనున్న జాలు లెక్కపెట్టుకున్నాడు. కాసేపు కట్ట వైపు చూసి అన్నాడు: "గాలి ఎటు తోలిందో దానికీ ఒక గడి గీసెయ్‌రాదా అన్నా?"

స్కేలు దొరకలేదు. అగ్గిపెట్టె అంచు పెట్టి గీశాను.